తీగ ఎవరిదైనా దారి ఊరిదే

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు సోకి ఐదుగురు చనిపోయారు. పైన వేలాడుతున్న కేబుల్ తీగ హైటెన్షన్ లైనుకు తగలడం వల్లే ఈ ఘోరం జరిగిందని అధికారులు చెప్పారు. ఆ వెంటనే విద్యుత్ సిబ్బంది స్తంభాలెక్కి, కనిపించిన తీగనల్లా తెంచుకుంటూ పోయారు. కాలనీలకు కాలనీల్లో ఇంటర్నెట్ పోయింది. ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసుకునేవాళ్ల దగ్గర్నుంచి బిల్లింగ్ యంత్రం మీద నడిచే కిరాణా కొట్ల దాకా ఇబ్బంది పడ్డారు. ఒక టెలికాం కంపెనీ హైకోర్టుకు వెళ్లింది. ప్రాణాలు పోతుంటే స్తంభాలకు ఇష్టమొచ్చినట్టు తీగలు కట్టడమేమిటని కోర్టు గట్టిగానే నిలదీసింది. ఇంత గొడవలోనూ వినిపించినవి విద్యుత్ సంస్థ, మంత్రులు, కంపెనీలు, న్యాయస్థానం మాటలే. ఆ వీధుల బాగోగులు చూడాల్సిన నగరపాలక సంస్థ గొంతు పెద్దగా వినపడలేదు. స్తంభం మీద వద్దంటే మరి తీగ ఎక్కడ ఉండాలి? ఈ ప్రశ్నకు ఇప్పటికీ సరైన జవాబు లేదు. జవాబు చెప్పాల్సింది మున్సిపాలిటీయేనని, అందుకు తగిన అధికారం, ఆస్తి దాని చేతికి రావాలని ఈ వ్యాసం వాదన.

ఇంటర్నెట్ ఈ రోజు కొళాయి నీళ్లతో, వీధి దీపంతో సమానమైన అవసరమన్న సంగతిని మళ్లీ రుజువు చేయనక్కర్లేదు. పింఛను సొమ్ము నుంచి పరీక్ష ఫలితం దాకా అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. కానీ రాజ్యాంగం లెక్క వేరు. 1993 జూన్‌లో అమల్లోకి వచ్చిన 74వ సవరణ, పన్నెండో షెడ్యూలులో 18 అంశాలు రాసి, వీటిని పురపాలక సంఘాలకు అప్పగించవచ్చని రాష్ట్రాలకు చెప్పింది. అందులో రోడ్లున్నాయి, మంచినీళ్లున్నాయి, వీధి దీపాలున్నాయి, శ్మశానాలూ ఉన్నాయి. టెలికాం లేదు. అది కేంద్ర జాబితాలోని 31వ అంశం. తీగ వేసే వ్యాపారం ఢిల్లీ పరిధి, తీగ వేయడానికి తవ్వే రోడ్డు మున్సిపాలిటీ పరిధి అన్నమాట. ఈ రెంటికీ మధ్య వంతెనగా 2016లో రైట్ ఆఫ్ వే నిబంధనలు వచ్చాయి. కంపెనీ దరఖాస్తు పెట్టుకున్న 60 రోజుల్లో స్థానిక సంస్థ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టేనని అవి చెప్పాయి. ఫైబరుకు వసూలు చేసే పరిపాలనా రుసుము కిలోమీటరుకు వెయ్యి రూపాయలు దాటకూడదన్నాయి. రోడ్డును మళ్లీ పూడ్చే ఖర్చు వేరే. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల దారీ ఇదే. కంపెనీలను తిప్పించుకుని, ఇష్టమొచ్చినంత గుంజే కార్యాలయాల నుంచి కాపాడటానికే ఇలా రాశారన్నది నిజమే. దాని ఫలితంగా మున్సిపాలిటీ ఒక ముద్ర కొట్టే కిటికీగా మిగిలింది. తన నేలలో ఏం పాతారో, తన తలమీద ఏం వేలాడదీశారో దాని దగ్గర సరైన పటం కూడా ఉండదు. తవ్వేముందు ఎవరి గొట్టాలున్నాయో తెలుసుకోవడానికి 2023లో కేంద్రం ఒక యాప్ పెట్టాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోవచ్చు.

ప్రభుత్వమే ఇంటర్నెట్ ఇవ్వాలన్న ఆలోచన తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు. 2015లో ఏర్పడిన ఏపీ ఫైబర్‌నెట్ ఆనాటికి సాహసమే. భూమిలో పాతితే వేల కోట్లయ్యే పనిని కరెంటు స్తంభాల మీదుగా దాదాపు 24 వేల కిలోమీటర్ల ఫైబర్ లాగి, కొన్ని వందల కోట్లతో ముగించారు. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అన్నారు. దేశమంతా ఇటు చూసింది. తర్వాత జరిగింది చూడండి. 2019లో ప్రభుత్వం మారింది. 2021లో టెండర్ల మీద సీఐడీ కేసు పెట్టింది. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది. కొద్ది నెలలకే సంస్థలో వందల మంది ఉద్యోగులను తీసేశారు. 2025 ఫిబ్రవరిలో అధికారులతో వివాదం నడుమ చైర్మన్ రాజీనామా చేశారు. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్నది వేరే చర్చ. నాకు కనిపించే లోపం సంస్థ నిర్మాణంలోనే ఉంది. ఇంటింటికీ సెట్‌టాప్ బాక్సు అమ్మే వ్యాపారాన్నీ, ఊరూరికీ తీగ వేసే ప్రజా పనినీ ఒకే కంపెనీకి కట్టి, దాని పగ్గాలు రాజధానిలో పెట్టారు. అధికారం చేతులు మారిన ప్రతిసారీ అనకాపల్లిలోనో ఆదోనిలోనో కనెక్షన్ పెట్టుకున్న మనిషి భవితవ్యం కూడా చేతులు మారుతుంది. అక్కడి స్థానిక సంస్థకు ఆ తీగ మీద హక్కూ లేదు, పూచీ లేదు. కరెంటు స్తంభం మీద తీగ చౌకేనన్నదీ సగం నిజమే. ఫైబర్ గాజుపోగు కరెంటును మోయదు. దాని పక్కనే చుట్టలు చుట్టుకుని వేలాడే పాత కేబుల్ టీవీ రాగి తీగ, బరువు మోయడానికి కట్టిన ఇనుప తీగ మోస్తాయి. ఆ ఆదా చేసిన డబ్బుకు ఎవరో ఒకరు ఎప్పుడో మూల్యం చెల్లిస్తున్నారు.

తెలంగాణలో ఇంతకంటే తెలివైన పని ఒకటి జరిగింది. మిషన్ భగీరథ కోసం రాష్ట్రమంతా మంచినీటి గొట్టాలు వేసేటప్పుడు, అదే కందకంలో ఫైబర్ దూర్చే ఖాళీ గొట్టం, అంటే డక్టు కూడా పడేశారు. ఫైబర్ పనుల్లో అసలు ఖర్చంతా తవ్వడం, పూడ్చడంలోనే ఉంటుంది, తీగ ధర అందులో కొంచెమే. ఒకసారి తవ్విన చోట మళ్లీ తవ్వకుండా రెండు పనులు కానిచ్చిన ఆ సూత్రం గొప్పది. కానీ దాన్నీ టీ-ఫైబర్ అనే రాష్ట్ర కార్పొరేషన్‌కే అప్పగించారు. గ్రామాల సంగతి సరే, పట్టణాల్లో రోజూ జరిగే తవ్వకాలకు ఆ సూత్రం దిగిరాలేదు. జలమండలి ఒకసారి, విద్యుత్ సంస్థ ఒకసారి, టెలికాం కంపెనీ మరోసారి తవ్వే రోడ్డు చివరికి ఎవరి ఖాతాలో గుంతలు తేలుతుందో అందరికీ తెలుసు. తిట్లు తినేది కార్పొరేటరు.

ఇక్కడ స్టాక్‌హోమ్ నగరం చేసిన పని చెప్పుకోవాలి. స్వీడన్‌లో టెలికాం గుత్తాధిపత్యం పోయి ప్రైవేటు కంపెనీలు వస్తున్న రోజులవి. ఒక్కో కంపెనీ తన తీగ కోసం వీధులు తవ్వడం మొదలుపెడితే ఊరు ఏమైపోతుందని నగరపాలక సంస్థ ఆలోచించింది. 1994లో స్టోకాబ్ అనే సొంత కంపెనీ పెట్టి, తానే ఒకసారి తవ్వి ఫైబర్ పాతింది. ఆ ఫైబరులో వెలుతురు పంపే పని మాత్రం పెట్టుకోలేదు. అలాంటిదాన్ని వాళ్ల భాషలో చీకటి ఫైబర్ అంటారు. కావలసిన కంపెనీలన్నిటికీ ఒకే షరతులతో అద్దెకిచ్చింది. ఇంటింటికీ ప్యాకేజీ అమ్మలేదు, టీవీ చానళ్లు కొనలేదు, ధరల యుద్ధంలో దిగలేదు. ఆ కంపెనీ లాభాల్లో నడుస్తోంది. ప్రపంచంలో తొలి 4జీ సేవలు 2009 డిసెంబరులో ఆస్లోతో పాటు ఆ నగరంలోనే మొదలయ్యాయి. టవర్లకు కావలసిన ఫైబర్ నేలలో సిద్ధంగా ఉండటం దానికి కలిసొచ్చింది.

అమెరికాలో టెనెసీ రాష్ట్రపు చట్టనూగా నగరానిది దీనికి భిన్నమైన దారి. అక్కడ కరెంటు ఇచ్చేది 1935లో ఏర్పడిన నగరం సొంత సంస్థ ఈపీబీయే. స్మార్ట్ గ్రిడ్ కోసం ఫైబర్ వేసి, దానితోనే 2010లో ఊరంతటికీ గిగాబిట్ ఇంటర్నెట్ ఇచ్చింది. 2020లో కరోనా బడులు మూసినప్పుడు వేలాది మంది పేద విద్యార్థుల ఇళ్లకు ఉచితంగా కనెక్షన్లు ఇవ్వగలిగింది. అంతకుముందు కేబుల్ కంపెనీలు కోర్టుకెక్కినా ఈ నెట్‌వర్క్‌ను ఆపలేకపోయాయి. కానీ రాష్ట్ర చట్టం దాన్ని తన కరెంటు సరిహద్దు దాటనివ్వలేదు. 2015లో కేంద్ర నియంత్రణ సంస్థ ఆ ఆంక్షను కొట్టేస్తే, 2016లో అప్పీళ్ల కోర్టు ఆ సంస్థకు అంత అధికారం లేదని తేల్చింది. పక్క ఊళ్ల రైతులు బాగా నడిచే నెట్‌వర్క్‌ను ఎదురుగా చూస్తూ ఊరుకోవాల్సి వచ్చింది. అక్కడ పైప్రభుత్వం నగరాన్ని ఆపింది, ఇక్కడ పైప్రభుత్వాలు నగరాన్ని అడగకుండానే అన్నీ తామే చేస్తాయి. రెండు చోట్లా ఊరి నిర్ణయం ఊరి చేతిలో లేదు.

ప్రజాధనంతో ఇంటర్నెట్ వ్యాపారం చేసి చేతులు కాల్చుకున్న నగరాలూ ఉన్నాయి. యూటా రాష్ట్రంలోని ప్రోవో అప్పు చేసి సుమారు 3.9 కోట్ల డాలర్లతో నెట్‌వర్క్ కట్టింది. నడపలేక 2013లో ఒక్క డాలరుకు గూగుల్‌కు అప్పగించింది. అప్పు మాత్రం పౌరుల నెత్తినే ఉండిపోయింది. వెర్మాంట్‌లోని బర్లింగ్టన్ నగరం కూడా ఇలాంటి వ్యాపారంతోనే అప్పుల్లో మునిగి కోర్టు చుట్టూ తిరిగింది. ఈ ఉదాహరణలు చూపి, ప్రభుత్వానికి ఇదంతా ఎందుకని అడిగేవాళ్లను నేను కొట్టిపారేయను. చందాదారుల కోసం పోటీపడటం, రాత్రి పదింటికి ఫోన్ చేసి తిట్టేవాడికి జవాబు చెప్పడం, రెండేళ్లకోసారి యంత్రాలు మార్చడం మున్సిపాలిటీల పని కాదు. ఏపీ ఫైబర్‌నెట్ ఇబ్బందుల్లోనూ ఈ పాఠం ఉంది. అందుకే నేను కోరేది స్టాక్‌హోమ్ దారి. డక్టు, అందులోని ఫైబర్, రోడ్డు పక్కన తలుపు పెట్టెలు ఊరివి. వాటి మీద వ్యాపారం ఎవరికి నచ్చితే వాళ్లది.

డ్రైనేజీ నడపడమే చేతగాని మున్సిపాలిటీకి ఇదొకటా అన్నది అందరి నోటా వచ్చే అభ్యంతరం. డ్రైనేజీ రోజూ పూడిపోతుంది, రోజూ మనుషులు కావాలి. నేలలో పడ్డ గొట్టానికి ఆ బాధ లేదు. అది పాతాక ముప్ఫై ఏళ్లు ఉంటుంది. దానికి కావలసింది ఒక పటం, ఒక అద్దె పట్టిక, ఏ కంపెనీకి ఎంత ఇచ్చామో గోడ మీద అతికించే లెక్క. చేతగాదని చెప్పి అధికారాన్ని రాజధానికి లాక్కుంటూ పోతే చేతకావడం ఎప్పటికి అలవాటవుతుందో ఆ వాదన చేసేవాళ్లే చెప్పాలి. అవినీతి భయం నిజమే. కానీ ఈ రోజు స్తంభం అద్దెలు, రోడ్ కటింగ్ అనుమతులు నడుస్తున్న తీరు కంటే బహిరంగ అద్దె పట్టిక చెడ్డదవుతుందంటే నమ్మడం కష్టం.

జియో, ఎయిర్‌టెల్ ఉండగా, మొబైల్ డేటా ఇంత చౌకగా దొరుకుతుండగా ఈ తంటా ఎందుకన్నది రెండో మాట. టవరు కూడా ఫైబర్ తాగే బతుకుతుంది. ఎన్ని కంపెనీలున్నా వాళ్ల తీగలు నేలలోకి దిగే దారి ఒక్కటే. ఆ దారి ఒక పెద్ద కంపెనీ సొంతమైతే చిన్నవాళ్లకు చోటు ఉండదు. మన ఊళ్లలో ముప్ఫై ఏళ్లుగా ఇంటింటికీ కేబుల్ ఇచ్చి, చిల్లర నోట్లతో చందా వసూలు చేసుకుని బతుకుతున్న స్థానిక కేబుల్ ఆపరేటర్ల సంగతి ఎవరూ ఆలోచించడం లేదు. స్తంభాల మీద తీగలు తెంచితే కంపెనీ పెద్దలు మర్నాడు కోర్టుకెళ్లగలరు. కేబుల్ ఆపరేటరుకు మిగిలేది చందాదారుడి తిట్టు. ఊరి డక్టులో నెలకింత అద్దె కట్టి తన ఫైబర్ వేసుకునే హక్కు వస్తే అతడు అక్రమ తీగవాడిగా కాకుండా లెక్కలో ఉన్న వ్యాపారిగా నిలబడతాడు. ఈ వాదన మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

చట్టం అడ్డు కూడా అనుకున్నంత లేదు. డక్టులు, వెలిగించని ఫైబర్ అద్దెకివ్వడానికి ఇంటర్నెట్ అమ్మే లైసెన్సు అవసరం రాలేదు, చాలా ఏళ్లుగా ఉమ్మడి వసతుల కంపెనీలు వేరే నమోదుతోనే ఈ పని చేస్తున్నాయి. 2023 టెలికాం చట్టం ఉమ్మడి డక్టుల గురించి, అవి అందరికీ సమానంగా అందాలన్న మాట గురించి చెప్పనే చెప్పింది. అయితే ఆ మాట కేంద్రం నోట వచ్చింది. దాన్ని మున్సిపల్ చట్టాల్లోకి తేవాల్సింది రెండు రాష్ట్రాల శాసనసభలు. కొత్తగా వేసే ప్రతి రోడ్డు అంచనాలో డక్టు తప్పనిసరి చేస్తూ, ఆ డక్టు యాజమాన్యం పురపాలక సంఘానిదేనని రాస్తూ ఒక సవరణ సరిపోతుంది. డబ్బంతా ఒకేసారి కావాలన్నది అపోహ. కేంద్ర పథకం అమృత్ 2.0 కింద పట్టణాల్లో మంచినీటి గొట్టాల కోసం రోడ్లు ఎలాగూ తవ్వుతున్నారు. అదే కందకంలో ఇంకో గొట్టం వేయడానికయ్యేది మొత్తం బిల్లులో చిన్న వాటా. ఇరుకు సందుల పాతబస్తీల్లో, రాతినేల ఉన్న చోట తవ్వడం కుదరకపోవచ్చు. అక్కడ స్తంభం మీదే వేయాల్సి వస్తే, ఏ ఎత్తులో ఎన్ని తీగలు ఉండాలో, ఎవరి తీగకు ఏ రంగు బిళ్ల ఉండాలో నియమం రాసి పాటిస్తే చాలు.

వానలు తగ్గగానే రోడ్ కటింగ్ అనుమతులు మళ్లీ మొదలవుతాయి. కాంట్రాక్టర్లు యంత్రాలతో సిద్ధంగా ఉంటారు. మీ పురపాలక సంఘం సమావేశం అజెండాలో రోడ్డు పనుల అంచనా వచ్చినప్పుడు, అందులో డక్టుకు పద్దు ఉందా అని మీ కౌన్సిలర్‌నో కార్పొరేటర్‌నో అడగండి. లేదంటే ఎందుకు లేదో రాతపూర్వకంగా చెప్పమనండి.