బైక్ టాక్సీ వెనక సీటుకి బీమా ఉందా?

పొద్దున్న ఎనిమిదిన్నరకి విద్యానగర్ నుంచి తార్నాక మెట్రో స్టేషనుకి చేరాలంటే మనవాళ్ళకి మూడు దారులు. ఆటో అతనితో బేరం, బస్సు కోసం ఎదురుచూపు, లేదంటే ఫోన్లో నాలుగు నొక్కులు నొక్కి బైక్ టాక్సీ. ఇప్పుడు ఎక్కువమందిది మూడో దారే. అడిక్‌మెట్ ఫ్లైఓవర్ ఎక్కి, ఉస్మానియా క్యాంపస్ చెట్ల కింద నుంచి తార్నాకలో దిగితే, అక్కణ్ణుంచి బ్లూ లైను మెట్రో రాయదుర్గం దాకా తీసుకెళ్తుంది. డబ్బులూ తక్కువే, టైమూ తక్కువే. దాన్ని తప్పు పట్టడానికి ఈ టపా రాయట్లేదు. ఆ వెనక సీటులో కూర్చున్న మనిషి కింద పడితే ఎవరు డబ్బు కడతారు అన్నది ఒక్కటే నా ప్రశ్న.

పోయినేడాది మా ఆఫీసులో ఒకబ్బాయికి ఇదే జరిగింది. కుక్క అడ్డం వచ్చింది, నడిపే అతను బ్రేకు గట్టిగా కొట్టాడు, ఇద్దరూ పడ్డారు. మావాడి కాలు విరిగింది. ఆసుపత్రి ఖర్చు కంపెనీ గ్రూపు పాలసీలో పోయింది. కానీ మూడు నెలలు జీతం లేని సెలవు, ఫిజియోథెరపీ, ఇంట్లో మనిషి సాయం ఇవన్నీ ఎవరిస్తారు? యాప్ వాళ్ళని అడిగితే "మేం ఇద్దరినీ కలిపేవాళ్ళం మాత్రమే" అన్నారు. బండి బీమా కంపెనీ "ఇది సొంత వాడకానికి ఇచ్చిన పాలసీ, కిరాయికి తిప్పితే మాకు సంబంధం లేదు" అంది. బండి నడిపే అతను ఏమీ అనలేదు. అతని దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి దీన్ని బగ్ అనుకుంటాం. చట్టం చదివాక నాకర్థమైంది ఏమిటంటే ఇది బగ్ కాదు, డిజైనే అంత.

మన దేశంలో బీమా బండికి ఉంటుంది, ప్రయాణానికి కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం రోడ్డెక్కే ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా ఉండాలి. ఆ బీమా ఎవరెవరికి వర్తించాలో 147వ సెక్షను చెప్తుంది. అందులో 'ట్రాన్స్‌పోర్టు వాహనం'లో ప్రయాణికుడు అన్న మాట ఉంది. అంటే పసుపు రంగు ప్లేటు మీద నల్ల అక్షరాలున్న క్యాబులో మీరు ఎక్కితే, ఆ బండికి అతి చవక థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్నా సరే, మీకు వర్తించాల్సిందే. కరెంటు బళ్ళయితే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు కిరాయి బండికి, తెల్ల అక్షరాలు సొంత బండికి గుర్తు.

ఇక తెల్ల ప్లేటు బైకు. దాని వెనక కూర్చున్న మనిషికి థర్డ్ పార్టీ పాలసీ వర్తించదని సుప్రీంకోర్టు 2006లో తిలక్ సింగ్ కేసులో చెప్పింది. ప్యాకేజీ పాలసీ, అంటే మనం ఫుల్ ఇన్సూరెన్స్ అనుకునేది ఉంటే, వెనక కూర్చున్నవాళ్ళూ కారులో కూర్చున్నవాళ్ళూ అందులోకి వస్తారని 2009లో బీమా నియంత్రణ సంస్థ స్పష్టం చేసింది, 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. బావుంది. కానీ ఆ ప్యాకేజీ పాలసీలోనే ఇంకో వాక్యం ఉంటుంది: ఈ బండిని కిరాయికి వాడకూడదు. మీరు బైక్ టాక్సీ బుక్ చేసిన క్షణం ఆ వాక్యం మీదకే ఎక్కి కూర్చున్నారన్నమాట.

అలాగని దారులన్నీ మూసుకుపోలేదు. పాలసీ షరతు తప్పినా ముందు బాధితుడికి డబ్బు కట్టి, తర్వాత బండి ఓనరు దగ్గర వసూలు చేసుకోమని బీమా కంపెనీకి చెప్పడం మన కోర్టుల్లో అలవాటే. 2004లో స్వరణ్ సింగ్ కేసు లైసెన్సు గొడవ, 2018లో అమృత్ పాల్ సింగ్ కేసు పర్మిట్ లేని బండి గొడవ. రెండింటిలోనూ ఈ 'కట్టు, వసూలు చేసుకో' పద్ధతి కనిపిస్తుంది. ఐతే ఆ రెంటిలో నష్టపోయింది రోడ్డు మీద అవతలి మనిషి. మన వెనక సీటు మనిషి విషయంలో అది హక్కుగా వస్తుందని నమ్ముకుని కూర్చోలేం. లాయరు వాదించాలి, ట్రిబ్యునల్ ఒప్పుకోవాలి, బీమా కంపెనీ హైకోర్టుకి పోకుండా ఉండాలి.

ఇంకో సంగతి. ఢీకొట్టిన తప్పు అవతలి బండిదైతే మన బైకు పాలసీ ఏదైనా పర్లేదు. ఆ అవతలి బండికి మనం థర్డ్ పార్టీయే, దాని బీమా కంపెనీ కట్టాలి. చిక్కంతా మన బండి తనంతట తాను జారిపడ్డప్పుడు, లేదా తప్పు మన బండి నడిపే మనిషిదైనప్పుడు.

"పోనీలే, కాలో చెయ్యో, కంపెనీ పాలసీ ఉందిగా" అనుకునేవాళ్ళ కోసం ఒక లెక్క. 2009లో సరళా వర్మ కేసు, 2017లో ప్రణయ్ సేఠీ కేసు కలిపి సుప్రీంకోర్టు ఒక ఫార్ములా ఇచ్చింది. మనకి బాగా నచ్చే పని, ఫార్ములా కదా. 30 ఏళ్ళ ఇంజనీరు, పన్ను పోగా నెలకి లక్ష. ఇంట్లో భార్య, పాప, అమ్మ. సంవత్సరానికి 12 లక్షలు. 40 ఏళ్ళ లోపు పర్మనెంటు ఉద్యోగి కాబట్టి ముందు ముందు పెరిగే జీతానికి 50 శాతం కలిపితే 18 లక్షలు. అతని సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేస్తే 12 లక్షలు. ఆ వయసుకి గుణకం 17. మొత్తం 2 కోట్ల 4 లక్షలు. ప్రైవేటు ఉద్యోగం పర్మనెంటు కాదని వాదించి 40 శాతమే కలిపించినా కోటీ తొంభై లక్షలు దాటుతుంది. ఎల్ఐసీ డబ్బు వచ్చింది కదా అని ఇందులోంచి కోయడానికి లేదు, 1998లో హెలెన్ రెబెల్లో కేసులోనే అది తేలిపోయింది.

ఇప్పుడు చెప్పండి, బీమా కంపెనీ పక్కకి తప్పుకుంటే ఈ 2 కోట్లు ఎవరు కట్టాలి? వాయిదాల్లో బండి కొనుక్కుని, క్యాంపస్ పక్కన గదిలో ఉంటూ, పోటీ పరీక్షలకి చదువుకుంటూ పొద్దున్నా సాయంత్రం ట్రిప్పులు కొట్టే కుర్రాడు. డిక్రీ కాగితం చేతికొస్తుంది, డబ్బు రాదు. ఆ కుర్రాడి బతుకూ మునుగుతుంది. పైగా తను పడితే తన పరిస్థితీ ఇంతే. ఓనరు డ్రైవరుకి 2018లో 15 లక్షలకి పెంచిన వ్యక్తిగత ప్రమాద బీమా ఉన్నా, కిరాయికి తిప్పుతున్నావన్న మాట అక్కడ కూడా అడ్డం వస్తుంది. అందుకే ఈ విషయంలో ప్రయాణికుడు వర్సెస్ డ్రైవరు అని కొట్టుకోవడం నాకు నచ్చదు. ఇద్దరూ ఒకే గుంటలో ఉన్నారు.

మరి యాప్ కంపెనీ? 2019 సవరణలో 'అగ్రిగేటర్' అన్న మాటకి చట్టమే నిర్వచనం ఇచ్చింది: ప్రయాణికుణ్ణీ డ్రైవరునీ కలిపే డిజిటల్ మధ్యవర్తి. లైసెన్సు తీసుకోవాలని 93వ సెక్షనులో పెట్టారు. 2020లో ఒకసారి, 2025 జూలైలో మరోసారి కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. డ్రైవరుకి 5 లక్షల ఆరోగ్య బీమా, 10 లక్షల టర్మ్ బీమా ఇవ్వాలన్నారు. రాష్ట్రం ఒప్పుకుంటే సొంత బైకుల్ని కూడా ప్రయాణికుల కోసం వాడుకోవచ్చని 2025 వాటిలో రాశారు. తలుపు తెరిచారు సరే, ఆ తలుపులోంచి వెళ్ళే బండి పాలసీలో 'కిరాయికి వాడకూడదు' అన్న వాక్యం మాత్రం అలాగే ఉంటే ఎలా?

అమెరికాలో ఉన్న మిత్రులకి ఈ కథ తెలిసే ఉంటుంది. 2013 డిసెంబరు 31 రాత్రి శాన్ ఫ్రాన్సిస్కోలో ఉబర్ యాప్ ఆన్ చేసుకుని తిరుగుతున్న కారు కింద పడి ఆరేళ్ళ పాప చనిపోయింది. కారులో ప్యాసింజరు లేడు కాబట్టి మాది కాదని కంపెనీ అంది. దాని తర్వాతే 2014లో కాలిఫోర్నియా చట్టం చేసి సమయాన్ని మూడు ముక్కలు చేసింది. యాప్ ఆన్ చేసి ఎదురుచూడటం, ట్రిప్పు ఒప్పుకుని వెళ్ళడం, ప్రయాణికుడితో వెళ్ళడం. ఒప్పుకున్న దగ్గర్నుంచి దింపేదాకా పది లక్షల డాలర్ల బాధ్యత బీమా ఉండాలంది. ఇక్కడ గమనించాల్సింది డాలర్ల అంకె కాదు. బీమాని బండికి కాక ప్రయాణానికి కట్టారు. స్టేట్ మెషీను గీశారు, అంతే.

నా అభిప్రాయం ఇదే. మన దగ్గర కూడా ప్రయాణానికి బీమా కట్టాలి, కట్టే బాధ్యత యాప్ కంపెనీది కావాలి. సాంకేతికంగా కష్టమని ఎవరూ చెప్పొద్దు. ట్రిప్పు ఎప్పుడు మొదలైందో, ఎక్కడ ఆగిందో సెకన్లతో సహా వాళ్ళ సర్వర్లలో ఉంది. డ్రైవరు ముఖం సరిపోయిందో లేదో సెల్ఫీ తీసి చూడగలిగిన యాపు, ఈ బండి పాలసీ ఈ రోజుకి బతికే ఉందా, కిరాయికి పనికొస్తుందా అని చూడలేదా? 2018లో ఓలా ఒక్క రూపాయికి ట్రిప్పు బీమా అమ్మింది. అమ్మకానికి పెట్టగలిగినప్పుడు తప్పనిసరి చెయ్యడం ఎంతసేపు? రూపాయి ఎక్కువైనా ఛార్జీలో కలపండి, ఇస్తాం. కనీసం బుకింగ్ తెర మీద నక్షత్రాల రేటింగు పక్కన పాలసీ రకం కూడా చూపించండి. ఏ బండి ఎక్కాలో మేమే తేల్చుకుంటాం.

అది వచ్చేదాకా మన జాగ్రత్త మనది. నాకు ముఖ్యమనిపించినవి:

1. ఎక్కే ముందు ప్లేటు రంగు చూడండి. యాప్‌లో చూపించిన నంబరూ ముందున్న బండి నంబరూ ఒకటేనా చూడండి. వేరే బండైతే ఎక్కకండి. హెల్మెట్ అడిగి పెట్టుకోండి. లేకపోతే రేపు "నీ తప్పు కూడా ఉంది" అంటారు.

2. ప్రమాదం జరిగితే ముందు 112. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకి గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో 7 రోజుల దాకా, 1.5 లక్షల దాకా నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం ఉంది. అడగండి.

3. "పోలీసు కేసు ఎందుకులే, కుర్రాడు మంచివాడు" అని వదిలేస్తాం. కేసు లేకపోతే క్లెయిము నిలబడటం చాలా కష్టం. 2022 నుంచి ఉన్న రూల్సు ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కి పంపాలి. ఆ కాగితమే కేసుకి పునాది.

4. ట్రిప్పు స్క్రీన్‌షాటు, మెయిల్లో వచ్చిన బిల్లు, డిశ్చార్జి సమ్మరీ, జీతం కోత పడ్డ పే స్లిప్పులు, ఫారం 16 దాచుకోండి. మన ఆదాయానికి కాగితం ఉండటం మనకున్న పెద్ద బలం.

5. 164వ సెక్షను కింద తప్పెవరిదని చూడకుండా మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు వస్తాయి. అది తీసుకుంటే 166వ సెక్షను కింద వేసిన పెద్ద కేసు రద్దవుతుంది. పైన వేసిన లెక్క గుర్తుంచుకుని, లాయరుతో మాట్లాడాకే సంతకం పెట్టండి.

6. కేసు ప్రమాదం జరిగిన చోటే వెయ్యాలని లేదు, బాధితులు ఉండే చోట కూడా వెయ్యొచ్చు. అబ్బాయి హైదరాబాదులో పోతే, ఖమ్మంలో ఉన్న అమ్మానాన్నా నెలనెలా ఇక్కడి కోర్టుకి తిరగక్కర్లేదు.

7. 2022 ఏప్రిల్ నుంచి ఆరు నెలల గడువు అమల్లోకి వచ్చింది. దాని మీద సుప్రీంకోర్టులో సవాళ్ళు పడ్డాయి, గడువు దాటిందని పిటిషన్లు కొట్టెయ్యొద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు కూడా ఇచ్చింది. ఐనా దాన్ని నమ్ముకుని ఆలస్యం చెయ్యకండి.

క్యాబులో వెళ్ళేవాళ్ళకి ఒక మంచి వార్త కూడా. డ్రైవరుకి బ్యాడ్జి లేదు, మామూలు కారు లైసెన్సే ఉంది అని బీమా కంపెనీలు తప్పుకునేవి. 7,500 కిలోల లోపు బండికి ఆ లైసెన్సు చాలని 2024 నవంబరులో రంభాదేవి కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చేసింది. ఆ సాకు ఇక చెల్లదు.

కొందరు అంటారు, ఇన్ని రూల్సు పెడితే ఛార్జీలు పెరిగి కుర్రాళ్ళ ఉపాధి పోతుందని. పాలసీ లేని ఉపాధి ఒక్క ప్రమాదంతో పోతుంది, అప్పు మాత్రం మిగులుతుంది. చవకగా ఉందని మనం ఎక్కుతున్న ఆ ఛార్జీలో బీమా ఖర్చు లేదు, అందుకే చవక. ఆ తేడా డబ్బు ఎక్కడికీ పోలేదు, వెనక సీటు మనిషి నెత్తిన ఉంది.

మీలో ఎవరైనా ట్రిబ్యునల్ దాకా వెళ్ళి ఉంటే, బీమా కంపెనీ ఏమంది, యాప్ కంపెనీని పార్టీగా చేర్చారా, ఎన్నాళ్ళు పట్టింది, రాయండి. పది అనుభవాలు ఒక చోట చేరితే పదకొండో మనిషికి పనికొస్తాయి.