ఈ నెల పుస్తకం: సగుణ

కృపాబాయి సత్యనాథన్ గారి ‘సగుణ’ 1887-88లో మద్రాసు క్రిస్టియన్ కళాశాల పత్రికలో ధారావాహికగా వచ్చిన ఆంగ్ల నవల. చాలావరకు ఆమె సొంత కథే. క్రీస్తును నమ్ముకున్న బ్రాహ్మణ కుటుంబపు ఆడపిల్ల సగుణ. అన్న భాస్కర్ దగ్గర ఆమెకు పుస్తకాల రుచి తెలిసింది. బంధువుల దృష్టిలో వారు కులం చెడినవారు. కొందరు మిషనరీ దొరసానులకేమో చిన్నచూపు. సగుణకు కోపం వచ్చింది. మాకు నచ్చింది ఆ కోపమే!

రచయిత్రి 1878లో మద్రాసు వైద్య కళాశాలలో చేరి, ఆరోగ్యం చెడి చదువు మానవలసివచ్చింది. బస చేసిన పాస్టరుగారి ఇంటికే కోడలైంది. 1894లో, 32 ఏళ్లకే, ప్రభువునందు నిద్రించింది.

మన సంఘ గ్రంథాలయాల్లో ఆడపిల్లలకు అణకువ నేర్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఈ కోపిష్టి పిల్లకూ ఆ బీరువాలో చోటిద్దామా?