అవ్వ ఖోలీ, రెండు సున్నలు



ఈ శీర్షికలో నేను మామూలుగా ఫిక్స్‌డ్ డిపాజిట్ల గురించో, నామినేషన్ల గురించో, లాకరు తాళం పోతే ఏం చేయాలన్న దాని గురించో రాస్తుంటాను. ఈసారి కంప్యూటర్ సంగతి ఎత్తుకున్నాను. బి.కాం. చదివిన బ్యాంకు మనిషికి ప్రోగ్రాముల గొడవ ఎందుకయ్యా అని పేజీ తిప్పేయకండి. పోయిన దసరాకి మా చాల్‌లో జరిగిన ఒక పొరపాటులో ప్రోగ్రాము పాలు ఎంతుందో నా పాలూ అంతే ఉంది. అది ఒప్పుకోవడం నా ధర్మం.

కామాఠీపుర పేరు చెబితే బయటివాళ్ళకి ఏదేదో గుర్తుకొస్తుంది. మనకి మాత్రం అది తాతల ఊరు. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ గట్టు పూర్తయి, సముద్రపు నీరు ఆగాక, పూడ్చి మెరక చేసిన నేల ఇది. నిజాం సీమ నుంచి వచ్చి, రాళ్ళు మోసి, సున్నం కలిపి బొంబాయిని కట్టిన కామాఠీల పేరే ఈ పేటకు నిలిచింది. ఆ గల్లీల్లో ఒకదానిలో ఉంది మా చాల్. కింద 16 ఖోలీలు, పైన రెండు అంతస్తుల్లో పదహారేసి, మొత్తం 48. కింది అంతస్తు ఖోలీలకి 001 నుంచి 016 వరకు నంబర్లు. పైన 101, 201 అలా మొదలవుతాయి. ఈ సున్నల సంగతి కాస్త గుర్తుంచుకోండి, కథంతా వాటితోనే ఉంది.

మా చాల్‌లో పెద్దలు పెట్టిన సహాయ నిధి ఒకటుంది. ఖోలీకి నెలకి 50 రూపాయలు చందా. ఏ ఇంట్లోనైనా మనిషి పోతే, ఆ పూటే డబ్బు ఆ గుమ్మానికి చేరాలి. దాని లెక్కకి ఒక పాత రిజిస్టరు. కొన్నేళ్ళు మా నాన్నగారు రాశారు, ఆయన తరువాత నా చేతికొచ్చింది. ఏ ఖోలీలో ఎవరున్నారు, ఎప్పటి నుంచి ఉన్నారు, వారసులెవరు అన్నీ అందులో ఉన్నాయి. కామాఠీపుర పునర్నిర్మాణం మ్హాడా చేతికి వచ్చినప్పటి నుంచి ఆ రిజిస్టరుకి విలువ పెరిగింది. అది ప్రభుత్వ కాగితం కాదు, నిజమే. కానీ 2005 జూలై 26 నాటి వానలో కింది ఖోలీల్లోకి నీళ్ళొచ్చి భాడా పావతీలు ముద్దయిపోయిన వాళ్ళకి, మేమిక్కడే ఉన్నామని చెప్పుకోడానికి అదీ ఒక ఆధారం.

అంచులు రాలిపోతున్న ఆ రిజిస్టరుని కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని కమిటీలో అనుకున్నాం. పని మా అక్క కొడుక్కి అప్పగించాను. ఇంజినీరింగ్ చదువుతున్నాడు.

"ఎక్సెల్ వద్దు మామా, 009 అని కొడితే 9 చేసి కూచుంటది. మామూలు టెక్స్ట్ ఫైల్ల రాద్దాం, నువ్వు గూడ చదువుకోవచ్చు," అన్నాడు.

వాడు రాసింది చూస్తే నిజంగానే చదవగలిగాను. ఒక్కో ఇంటికి నాలుగు వరుసలు:

ఖోలీ: 009
పేరు: ఫలానా
చందా: 50
వారసులు: ఇద్దరు కూతుళ్ళు

ఇంతే. ఎడమవైపు అంశం, మధ్యలో రెండు చుక్కలు, కుడివైపు విలువ. ఇలా రాసే పద్ధతికి యామిల్ అని పేరట. 2001లో క్లార్క్ ఎవాన్స్, ఇంగీ డాట్ నెట్, ఓరెన్ బెన్-కికి అనే ముగ్గురు మొదలుపెట్టారు. మనిషీ చదవాలి, యంత్రమూ చదవాలి అన్నది వాళ్ళ ఉద్దేశం. తెలుగు అక్షరాలకీ అడ్డు లేదు. ఒక్క పట్టింపు మాత్రం ఉంది: వరుసను లోపలికి జరపాలంటే ఖాళీలే కొట్టాలి, ట్యాబ్ మీట నొక్కితే ఒప్పుకోదు.

మరి ఆ ఫైలుని యంత్రం చదివేదెలా? అక్షరం అక్షరం విడదీసే ప్రోగ్రాము వాడు సొంతంగా రాయలేదు. పైథాన్ భాషలో అందుకోసం ముందే ఎవరో రాసిపెట్టిన లైబ్రరీ ఉంది, పేరు పైయామిల్. లైబ్రరీ అంటే గ్రంథాలయం కాదండి. పాత రోజుల్లో జి.పి.ఓ. బయట ఉత్తరాలు రాసిపెట్టే, చదివిపెట్టే వాళ్ళు కూచునేవారు, గుర్తుందా? చదువు రాని మన కామాఠీ ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఆయన చేతిలో పెట్టేవాడు. ఇది డబ్బు సంగతి, ఇది తారీఖు, ఇది నీ చెల్లెలి పేరు అని ఆయన విడదీసి చెప్పేవాడు. లైబ్రరీ చేసే పని అదే. ప్రోగ్రాము తరఫున ఫైలు చదివి, ఇది అంకె, ఇది పేరు, ఇది తేదీ అని చెబుతుంది. మన పని తేలికవుతుంది. కాకపోతే చదివేవాడు ఏమని చదివితే మనకి అదే నిజం.

దసరా ముందు ఆదివారం జాబితా అచ్చయింది. అల్లుడు తెచ్చి ఇస్తే, పండగ హడావిడిలో పైపైన చూసి కింద సంతకం పెట్టాను. మెట్ల దగ్గర గోడకి అంటించారు.

ఆ సాయంత్రమే 009 అవ్వ మా గుమ్మంలోకి వచ్చింది. పాలమూరు నుంచి పెళ్ళయి వచ్చి, బీడీలు చుట్టి, ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసిన మనిషి. పావతీలు వానలో పోయినవాళ్ళలో ఆమె ఒకతె. చదువు రాదు. ఎవరో బడిపిల్లతో జాబితా చదివించుకుందట.

"ఏం కొడుకా, బుక్కుల నా పేరు తీసేసిన్రంట గద? నేనింక సావలేదు బిడ్డా," అంది.

నాకు నోట మాట రాలేదు. అవ్వని కూచోబెట్టి గోడ దగ్గరికి పరుగెత్తాను. 009 ఎదురుగా 011 వాళ్ళ పేరుంది. 008 ఎదురుగా 010 వాళ్ళ పేరు. 015, 016 అసలు లేనే లేవు. చందా మొత్తం వేసి చూస్తే 2400 రావలసింది 2300 వచ్చింది.

నేను బ్యాంకులో చేరిన కొత్తలో లెడ్జర్లు చేత్తో రాసేవాళ్ళం. రూపాయి తేడా ఉన్నా ఇంటికి వెళ్ళేది లేదు. తేడాని 9తో భాగించు, శేషం రాకపోతే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయేమో చూడు అని పెద్దలు నేర్పారు. 100ని 9 భాగించదు. ఇది తారుమారు కాదు, రెండు యాభైలు, అంటే రెండు ఇళ్ళు మాయమయ్యాయి. ఒకటి అవ్వది. రెండోది 008. వాళ్ళు తాళం వేసి ఊరికి వెళ్ళారు కనక అడిగే దిక్కు లేదు. అరనిమిషం కూడిక చేసుంటే సంతకానికి ముందే ఇది బయటపడేది.

రాత్రి అల్లుడూ నేనూ కూచున్నాం. సంగతేమిటంటే, పైయామిల్ చదివేది 2005లో వచ్చిన యామిల్ 1.1 నియమాల ప్రకారం. అందులో ముందు సున్న ఉన్న అంకెని ఎనిమిదేసి చొప్పున లెక్కగా తీసుకుంటారు. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన సి భాషలో కూడా ఇదే అలవాటు. ఆ లెక్కలో 0 నుంచి 7 వరకే అంకెలు, 7 తరువాత వచ్చేది 10. కాబట్టి మన 010ని అది 8 అని చదివింది. 011ని 9 అంది, 016ని 14 అంది. మరి 008, 009? ఆ లెక్కలో 8, 9 అనే అంకెలే లేవు కనక, ఇవి అంకెలు కావు, ఉత్త అక్షరాలు అని ఉన్నవున్నట్టు వదిలేసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. మొదటిసారి అచ్చు వేసినప్పుడు 001 బదులు 1 అని రావడం మావాడు చూశాడు. ఎందుకొచ్చిందని అడగకుండా, ముందు సున్నలు చేర్చి మూడంకెలు చేయమని ఇంకో వరుస రాశాడు. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, తేడా ఎక్కడుందో వెతక్కుండా సస్పెన్స్ ఖాతాలో వేసి పుస్తకం మూసేశాడు. దాంతో 8 కాస్తా 008 అయింది, 9 కాస్తా 009 అయింది. ఒకే నంబరుతో రెండో ఇల్లు వస్తే మొదటిదాని మీద రాసేయడం ఆ ప్రోగ్రాము తీరు. అలా 011 వాళ్ళు వచ్చి అవ్వ ఖోలీలో కూచున్నారు. ఎక్కడా గంట మోగలేదు, ఎర్ర గీత పడలేదు.

"సేఫ్ లోడే వాడిన గద మామా!" అని వాడు తల పట్టుకున్నాడు. పైయామిల్‌లో పాత లోడ్ పద్ధతి అజాగ్రత్తగా వాడితే, ఫైల్లో ఎవరైనా దొంగ ఆదేశం దాచిపెడితే దాన్నీ అమలు చేసే ప్రమాదం ఉందట. అందుకే 2019 నుంచి హెచ్చరిక ఇచ్చి, 2021లో వచ్చిన 6.0 నుంచి ఏ లోడర్ వాడుతున్నావో చెప్పితీరాలన్నారు. సేఫ్ లోడ్ ఆ దొంగతనాన్ని ఆపుతుంది. పొరపాటుని ఆపదు. లాకరు ఎంత గట్టిదైనా, లోపల వేరేవాళ్ళ నగ పెట్టి తాళం వేస్తే లాకరేం చేస్తుంది?

ఇలా దెబ్బతిన్నది మేమొక్కళ్ళమే కాదు. నార్వే దేశానికి పొట్టి గుర్తు ఎన్, ఓ అనే రెండక్షరాలు. పాత యామిల్ దాన్ని 'నో' అని చదివి, అంటే 'కాదు' అని అర్థం చేసుకుంటుంది. ఒక దేశమే 'కాదు' అయిపోయింది! 2009లో వచ్చిన 1.2 నియమాల్లో ఇవి సరిదిద్దారు. అందులో 010 అంటే పదే. అయినా ముందున్న సున్నలు మాత్రం పోతాయి. జేసన్ అని ఇంకో పద్ధతి ఉంది. అది 009 అని కొటేషన్ గుర్తులు లేకుండా రాస్తే తప్పని మొహం మీదే చెప్పి ఆగిపోతుంది. అనుమానం వస్తే పే చేయకుండా చెక్కు వెనక్కిచ్చే క్యాషియరు లాంటిదన్నమాట. నాకు అలాంటివాళ్ళంటేనే గౌరవం.

మరి మేమేం చేశాం? ఖోలీ నంబర్లన్నిటికీ రెండు వైపులా కొటేషన్ గుర్తులు పెట్టాం, అప్పుడు లైబ్రరీ వాటిని అక్షరాలుగానే చదువుతుంది. పైయామిల్‌లోనే బేస్ లోడర్ అని ఉంది, అది ఏదీ ఊహించకుండా అన్నిటినీ రాసినట్టే చదువుతుంది. దానికి మారాం. చందాని మాత్రం అంకెగా మార్చమని మేమే చెప్పాం. ఒకే ఖోలీ రెండుసార్లు వస్తే ఆగిపొమ్మన్నాం. ఆఖరున ఇళ్ళు 48, చందా 2400 అని కూడి చూపించాకే అచ్చు వేయమన్నాం.

ఎక్కువతక్కువలు చేసుకునేవి మాత్రమే అంకెలు అని నాకు ఆ రాత్రి బోధపడింది. ఖోలీ నంబరు, ఖాతా నంబరు, ఫోన్ నంబరు చూడ్డానికి అంకెలే గాని నిజానికి పేర్లు. పేరులోంచి ఒక అక్షరం తీసేస్తే అది ఇంకో మనిషి అవుతుంది. మీ సంఘాల్లో, మీ సొసైటీల్లో ఇప్పుడు అందరూ జాబితాలు కంప్యూటర్‌కి ఎక్కిస్తున్నారు. మంచిదే. కానీ ఎక్కించాక పాత పుస్తకంతో ఒక్కసారి తలలు లెక్కపెట్టండి, మొత్తాలు కూడి చూడండి. పిల్లల తెలివి మీద నమ్మకం ఉంచండి, సంతకం మాత్రం లెక్క సరిపోయాకే పెట్టండి.

మర్నాడు కొత్త జాబితా తీసుకుని నేనూ అల్లుడూ అవ్వ ఖోలీకి వెళ్ళాం. ఆమె పేరు మీద వేలు పెట్టి చూపించాం. చదవలేకపోయినా కాసేపు అక్కడే వేలితో తడిమింది.

"గీ రెండు సున్నలు ఎందుకు బిడ్డా?" అని అడిగింది.

"అవి లేకపోతే నీ ఇల్లు దొరకదు అవ్వా," అన్నాడు మావాడు.

"అయితే పైలంగ పెట్టున్రి," అని చాయ్ పెట్టడానికి లేచింది.

పాత రిజిస్టరు ఇప్పటికీ మా బీరువాలోనే ఉంది. పారేసే ఉద్దేశం లేదు. వచ్చే సంచికలో మళ్ళీ డిపాజిట్ల సంగతికి వద్దాం. అంతవరకు సెలవు.