హత్యల పుస్తకాలు చదివితే చెడిపోతామా?



డిటెక్టివ్ పుస్తకాలు, యుద్ధం కథలు ఆడపిల్లలు చదవకూడదని, చదివితే బుర్ర పాడవుతుందని కొందరు అంటున్నారు. నేను కొన్ని చదివేను. నా అభిప్రాయం రాస్తున్నాను.

షాడో: మధుబాబు గారి నవలల్లో హీరో. పుస్తకం పట్టుకుంటే అన్నం గంట కొట్టినా వినబడదు. కానీ షాడో చావడని ముందే తెలుసు. మిగతా వాళ్ళు ఎంతమంది చచ్చినా ఏడ్చేవాళ్ళే ఉండరు. అది నాకు నచ్చలేదు.

ఉస్నే కహా థా: 1915లో చంద్రధర్ శర్మ గులేరీ రాసిన హిందీ కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో లహనాసింగ్ అనే సిక్కు సైనికుడి దగ్గరకు ఒక జర్మన్ వాడు తెల్లదొర వేషంలో వస్తాడు. సిగరెట్టు ఇస్తాడు. సిక్కులతో ఉన్న దొరకి సిక్కులు పొగ తాగరని తెలీదా? అక్కడే లహనాకి అనుమానం వచ్చింది. తర్వాత తన గాయం దాచుకుని వేరేవాళ్ళని బండి ఎక్కిస్తాడు. ఇందులో ఆ ఒక్కడు చనిపోతే నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

బాస్కర్‌విల్స్ వేటకుక్క: ఆర్థర్ కానన్ డాయిల్ రాసేరు. 1902లో పుస్తకంగా వచ్చింది. ఇంగ్లండులో ఒక పెద్దాయన భయంతో చనిపోతే, శాపం ఉంది, దయ్యపు కుక్క చంపిందని అంటారు. షెర్లాక్ హోమ్స్ ఒప్పుకోడు. అడుగుల గుర్తులు ఎక్కడున్నాయి, బూటు ఎందుకు పోయింది అని అడుగుతాడు. ఆఖరికి అది మామూలు కుక్కే. చీకట్లో మెరవాలని భాస్వరం పూసి, ఆస్తి కోసం ఒక మనిషి వదిలాడు. ఎవరో చెప్పను, చదవండి.

ఇది చదివేక మా వైపు సంగతి గుర్తొచ్చింది. జ్వరంతో ఎవరైనా చనిపోతే చిల్లంగి పెట్టారని ఒక ముసలామెను చూపిస్తారు. అలా కొట్టి చంపిన సంగతులూ ఉన్నాయి. అది మలేరియానా, రక్తపరీక్ష చేయించారా అని అడగరు. హోమ్స్‌లాగ ఒక్కరు అడిగినా ఒక ప్రాణం నిలుస్తుంది కదా!

హాస్టల్లో సబ్బు పోయినా అంతే. ముందు చిన్నక్లాసు పిల్లల మీద పడిపోతాం. ఎవరు చూసేరు, ఎప్పుడు చూసేరు అని అడగం.

కాబట్టి ఈ పుస్తకాలు చంపడం నేర్పవు. నింద వేసేముందు ఆగి అడగడం నేర్పుతాయి. మేడమ్ గారూ, ఆదివారం ఒక్కపూటైనా బీరువా తాళం తీయించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని