విజిల్ ఎవరికి వేస్తున్నాం?

"ఇంకా కార్టూన్లు చూస్తున్నావా?" అని అడిగేవాళ్ళకి సమాధానం చెప్పే వ్యాసం కాదిది. ఆ గొడవ పాతబడిపోయింది. 2025 సెప్టెంబర్‌లో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్' తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లలోనే ఆడింది. 'సోలో లెవెలింగ్' కూడా తెలుగులో దొరుకుతోంది. యానిమే చూసేవాళ్ళు చూస్తూనే ఉన్నారు. నా ప్రశ్న వేరే. చూస్తూ చూస్తూ మనం ఎవరికి విజిల్ వేస్తున్నాం? ముందే చెప్తున్నా, కింద స్పాయిలర్లు బోలెడు.

చాలా యాక్షన్ యానిమేలు మన మాస్ సినిమాల్లాగే మొదలవుతాయి. హీరోకి అన్యాయం జరుగుతుంది, ఇంట్లోవాళ్ళు పోతారు, పగ పుడుతుంది. ఇక వాడు ఎప్పుడు కొడతాడా అని మనం కాచుక్కూర్చుంటాం. ఇందులో తప్పేం లేదు, నాకూ ఇష్టమే. కానీ మంచి సిరీస్ ఒకచోట ఆగి, ఆ దెబ్బ ఎవరికి తగిలిందో మనకి చూపిస్తుంది. మామూలు సిరీస్ చూపించదు. ఒక యానిమే గొప్పదా కాదా అని తేల్చడానికి నేను వాడే కొలత ఇదే.

'డెత్ నోట్' తీసుకుందాం, మనలో చాలామంది మొదట చూసింది అదే కాబట్టి. 2006లో మొదలై 37 ఎపిసోడ్లలో అయిపోయింది. లైట్ యాగామి చదువులో టాపర్. పేరు రాస్తే మనిషి చచ్చిపోయే నోట్‌బుక్ ఒకటి అతనికి దొరుకుతుంది. నేరస్తుల పేర్లు రాయడం మొదలుపెడతాడు. ఎలా చావాలో రాయకపోతే 40 సెకన్లలో గుండె ఆగిపోతుంది. కోర్టు లేదు, వాయిదా లేదు, లాయర్ లేడు. "కరెక్టే కదా" అనిపిస్తుంది. కానీ రెండో ఎపిసోడ్‌లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. టీవీలో ఒకతను కనిపించి, నువ్వు చేస్తున్నది దుర్మార్గం అంటాడు. అంతే, లైట్ అతని పేరు రాసేస్తాడు. అతను మరణశిక్ష పడ్డ ఖైదీ అని, ఇదంతా ఎల్ పన్నిన వల అని అప్పటికి లైట్‌కి తెలీదు. లైట్ లెక్కలో ఆ మనిషి చేసిన నేరం ఒక్కటే, తనని తిట్టడం. తర్వాత తన కేసు మీద వచ్చిన ఎఫ్‌బీఐ ఏజెంట్లు 12 మంది. ఆ తర్వాత వాళ్ళలో ఒకతనికి కాబోయే భార్య. నేరస్తుల లిస్టు కాస్తా అడ్డొచ్చినవాళ్ళ లిస్టు అయిపోయింది. కథ ఎంత స్పీడ్‌గా నడుస్తుందంటే, అది ఎప్పుడు మారిందో కూడా గమనించం. లైటే గెలవాల్సింది అని ఇప్పటికీ వాదించేవాళ్ళు మన బ్లాక్‌లోనే ఉన్నారు.

జపాన్ కథ, మనకేంటి అనుకోవడానికి లేదు. 2019 డిసెంబర్‌లో షాద్‌నగర్ దగ్గర దిశ కేసులో నలుగురు నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయిన రోజు, జనం పోలీసుల మీద పూలు చల్లారు. జరిగిన నేరం అంత ఘోరమైంది, ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ తన నివేదికలో, చంపాలనే ఉద్దేశంతోనే వాళ్ళని కాల్చారని చెప్పింది. నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా చెప్పింది. 2022లో ఆ నివేదిక బయటికి వచ్చినప్పుడు పూల గురించి ఎవరూ మాట్లాడలేదు. విచారణే జరగలేదు కాబట్టి ఎవరు ఏం చేశారో కోర్టులో తేలే దారి మూసుకుపోయింది. ఆరోజు పూలు చల్లిన చేతులకీ, లైట్‌కి జై కొట్టే చేతులకీ నాకు పెద్ద తేడా కనిపించదు.

'అటాక్ ఆన్ టైటన్' ఇదే పనిని ఇంకా ఓపిగ్గా చేస్తుంది. మొదటి ఎపిసోడ్‌లోనే ఎరెన్ కళ్ళముందు వాళ్ళ అమ్మని టైటన్ తినేస్తుంది. మూడు సీజన్ల పాటు మనం ఎరెన్ వైపే ఉంటాం. నాలుగో సీజన్‌లో కథ సముద్రం అవతలికి వెళ్తుంది. అక్కడ చేతికి పట్టీ కట్టుకుని, గోడల మధ్య బతికే ఎల్డియన్లు ఉంటారు. వాళ్ళలో గాబీ అనే చిన్నపిల్ల. ఎరెన్ వచ్చి వాళ్ళ ఊరి మీద పడతాడు. తనవాళ్ళు పోవడం చూసిన గాబీ శత్రువుల ఎయిర్‌షిప్ ఎక్కి సాషాని కాల్చేస్తుంది. ఆ ఎపిసోడ్ తర్వాత గాబీని తిట్టని ఫ్యాన్ లేడు. ఒక్కసారి పేర్లు తీసేసి చూడండి. ఊరు కూలింది, కావాల్సినవాళ్ళు పోయారు, శత్రువుని చంపి తీరతానని బయల్దేరింది. మొదటి సీజన్‌లో మనం చప్పట్లు కొట్టిన ఎరెన్ కథ కూడా ఇదే కదా! ఇందులో గాబీని చంపే అవకాశం చేతికొచ్చినా వదిలేసేది ఒక్కడే, సాషా వాళ్ళ నాన్న. కూతురిని పోగొట్టుకున్న మనిషి. ఆయనకి ఒక్క ఫైట్ కూడా లేదు. నా దృష్టిలో ఆ సిరీస్‌లో అందరికంటే బలమైనవాడు ఆయనే.

చివరికి ఎరెన్ ప్రపంచంలో 80 శాతం మందిని తొక్కించేస్తాడు. అంతకుముందే రాంజీ అనే శరణార్థి పిల్లాడి ముందు కూలబడి ఏడుస్తూ క్షమాపణ అడుగుతాడు. చేయబోయేది తెలిసే అడుగుతాడు. మాంగా చివర్లో ఆర్మిన్ ఎరెన్‌కి థాంక్స్ చెప్పడం చాలామందికి నచ్చలేదు. 2023 నవంబర్‌లో వచ్చిన యానిమే ముగింపులో ఆ సంభాషణ మార్చి, ఆ పాపంలో తనకీ వాటా ఉందని ఆర్మిన్ చేత ఒప్పించారు. నాకు ఆ మార్పు నచ్చింది.

'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్' 64 ఎపిసోడ్లు. ఇందులో హ్యూస్‌ని చంపింది ఎన్వీ అని తెలిశాక మస్టాంగ్ వేటాడే ఎపిసోడ్ అచ్చం మన క్లైమాక్సే. చిటికేస్తే మంట. ఎన్వీ కాలుతుంది, లేస్తుంది, మళ్ళీ కాలుతుంది. జాలి పడాల్సిన పని కూడా లేదు, అన్ని ఘోరాలు చేసింది. సరిగ్గా విజిల్ పడాల్సిన చోట హాక్‌ఐ తన పై అధికారి మీదే తుపాకీ ఎక్కుపెడుతుంది. ఇన్నాళ్ళూ పగ కోసమే బతికిన స్కార్ కూడా, పగతో కళ్ళు మూసుకుపోయినవాడు రేపు దేశాన్ని ఏలితే ఎలా ఉంటుందని అడుగుతాడు. ఇదే స్కార్ విన్రీ అమ్మానాన్నల్ని చంపాడు. అతని గాయానికి కట్టు కట్టేది ఆ విన్రీయే. క్షమించలేదని మొహం మీదే చెప్తుంది, అయినా కడుతుంది. క్షమించడం వేరు, పగ తీర్చుకోకుండా ఉండటం వేరు. ఈ తేడా నాకు ఏ నీతి పాఠమూ ఇంత స్పష్టంగా చెప్పలేదు.

ఇక 'విన్‌లాండ్ సాగా'. 2019లో వచ్చిన మొదటి సీజన్ నిండా కత్తులూ రక్తమూ. 2023లో వచ్చిన రెండో సీజన్‌లో హీరో థోర్ఫిన్ బానిసగా అడవి నరికి, నేల చదునుచేసి, గోధుమ పండిస్తుంటాడు. "బోర్ రా, పొలం పనులు చూపిస్తున్నాడు" అని మావాళ్ళు చాలామంది మధ్యలోనే వదిలేశారు. నాకైతే అదే బెస్ట్ సీజన్. రాత్రి కలలో తను చంపినవాళ్ళంతా వచ్చి పట్టుకుంటారు. చివర్లో రాజుతో మాట్లాడనివ్వాలంటే 100 దెబ్బలు తినాలంటే, తిరిగి చెయ్యెత్తకుండా అన్నీ తింటాడు. ఆ ఎపిసోడ్‌కి విజిల్ వేయాలనిపించింది, కొట్టినందుకు కాదు, ఓర్చుకున్నందుకు. అలాంటి చోట విజిల్ వేయించగలిగే రైటర్ అరుదు. మాంగా రాసిన మకోటో యుకిమురాకి అది సాధ్యమైంది.

అన్నీ ఇలా ఉండవు. 'డీమన్ స్లేయర్'లో రాక్షసుడి బాధాకరమైన గతం సాధారణంగా మెడ తెగాకే వస్తుంది. గెలిచాక జాలిపడటం ఈజీ. అకాజా కథ దీనికి మినహాయింపు, గతం గుర్తొచ్చాక తన అంతం తనే ఎంచుకుంటాడు. అందుకే అది అంతలా గుచ్చుకుంది. 'సోలో లెవెలింగ్' యానిమేషన్ అదిరిపోతుంది, ఒప్పుకుంటా. కానీ జిన్‌వూ చంపినవాళ్ళు లేచి అతని సైన్యంలోనే చేరతారు. చంపితే ఎక్స్‌పీ, పైగా ఫ్రీగా సైనికుడు. చావుకి కూడా లాభమే తప్ప ఖర్చు లేదు. నాకు ప్రాణమైన 'ఫ్రీరెన్'లోనూ ఒక చిక్కుంది. అందులో డీమన్లకి మాటలు వచ్చు కానీ మనసు లేదు, మాట అనేది వాళ్ళకి మోసం చేసే పనిముట్టు అంతే. కాబట్టి ఎంతమందిని చంపినా మనకి గిల్టీగా ఉండదు. కథకి అది సౌకర్యమే. అయితే నిజ జీవితంలో ఏదో ఒక గుంపు గురించి "వాళ్ళంతా అంతే, వాళ్ళ మాట నమ్మొద్దు" అని వినని రోజు ఉందా?

"ఎంటర్‌టైన్‌మెంట్ రా బాబూ, ఇంత ఆలోచించాలా?" అంటారు. ఆలోచించకుండా చూసిందే ఎక్కువ గట్టిగా అంటుకుంటుందని నా అనుమానం. ఒకడిని చూపించి "వీడు చెడ్డవాడు" అని చెప్పగానే మనం ఎంత త్వరగా ఒప్పేసుకుంటున్నామో చూడండి. వాట్సాప్‌లో ఒక ఫొటో, పక్కన ఒక పేరు వస్తే, 40 సెకన్లలోపే ఫార్వర్డ్ చేసేస్తున్నాం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నా సలహా: ముందు 'డెత్ నోట్' చూడండి, వెంటనే 'విన్‌లాండ్ సాగా' రెండు సీజన్లూ చూడండి. ఇప్పటికే చూసినవాళ్ళు 'అటాక్ ఆన్ టైటన్' నాలుగో సీజన్ మళ్ళీ వేసుకుని, ఈసారి గాబీ వైపు కూర్చుని చూడండి. అప్పటికీ లైటే కరెక్ట్ అనిపిస్తే క్లబ్ మీటింగ్‌కి రండి, వాదించుకుందాం.