డిజైను పని చేయు మన యువకులకు, పని చేయించు మన వ్యాపారులకు

పూర్వము మన కుటుంబములలో పిల్లవాడు పదవ తరగతి ముగించినంతనే తండ్రి ప్రక్కన గల్లాపెట్టెవద్ద కూర్చుండుట పరిపాటిగా నుండెను. నేనును అట్లే కూర్చుంటిని. నేటి పిల్లలు వేరు మార్గము పట్టినారు. భాల్కిలోను, బీదరులోను మన యువతీయువకులు కొందరు ఏ సంస్థయందును ఉద్యోగమున చేరక, ఇంటనే కంప్యూటరు ముందు కూర్చుండి వెబ్‌సైట్లు, పెండ్లి పత్రికలు, దుకాణపు బోర్డులు, సరుకుల పొట్లములపై ముద్రించు బొమ్మలు తయారుచేసి జీవించుచున్నారు. పని గౌరవప్రదమైనది. చేతిలో విద్య కలదు. లేనిదెల్ల లెక్క, కాగితము. వ్యాపారిగా నాకు తెలిసినది ఈ రెండే గనుక వానిని గూర్చియే వ్రాయుచున్నాను.

ముందుగా నా తప్పు చెప్పుకొందును. మన సంఘములోని ఒక కుటుంబపు కుమారుడు నా దుకాణమునకు వెబ్‌సైటు చేసి ఇచ్చినాడు. ఇంత సొమ్మని ముందు అనుకొనలేదు. ‘మన పిల్లవాడే గదా’ అని నేను, ‘మన అన్నగారే గదా’ అని అతడు. ఒక పుట అనుకొన్నది ఆరు పుటలైనది. రంగు మార్చుమంటిని. మా నాయనగారి ఫోటో పైకి జరుపుమంటిని, నాలుగు దినములకు మరల క్రిందికి దింపుమంటిని. దీపావళి పోయినది, సంక్రాంతి పోయినది. ఉగాదినాడు అతని తల్లి మా ఇంటికి వచ్చి, మాటల సందర్భమున, ‘ఆ డబ్బు వచ్చినచో వాడు కంప్యూటరు బాగుచేయించుకొనును’ అని మా ఇంటివారితో అన్నది. నాకు తల ఎత్త బుద్ధి కాలేదు. ఉద్దెర తీసికొన్నవానిని పదునైదవ దినమున అడుగు నేను, ఆరు నెలలు ఒక కుర్రవాని సొమ్ము ఉంచుకొంటిని. అతడు అడుగలేదు. అడుగుట అమర్యాద యనుకొన్నాడు.

కావున యువకులకు మొదటి మాట. బయానా లేనిదే పని మొదలుపెట్టకుడు. సగము ముందు, మిగిలినది పని అప్పగించునప్పుడు. పుటలెన్ని, మార్పులెన్నిసార్లు, ఏ తేదీకి, ఎంత సొమ్ము అనునవి ఒక కాగితముపై వ్రాసి ఇరువురును సంతకము చేయుడు. రెండుసార్లు మార్చి ఇత్తునని వ్రాసినచో మూడవసారికి వేరుగా అడుగవచ్చును. బంధువులైనచో కాగితము మరింత అవసరము. పరాయివానితో తగవు వచ్చినచో బేరము మాత్రమే పోవును, బంధువుతో వచ్చినచో పెండ్లి పిలుపులు కూడ పోవును.

హక్కుల సంగతి మన వ్యాపారులు కూడ వినవలెను. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము జీతముపై నుండువాడు ఉద్యోగధర్మముగా చేసిన పని సాధారణముగా యజమానిది. స్వతంత్రముగా చేయువాడు గీసిన లోగోకు, వేరు ఒప్పందము లేనిచో, సాధారణముగా గీసినవాడే మొదటి హక్కుదారు. సొమ్ము చెల్లించినంత మాత్రమున హక్కు చేతులు మారదు. వ్రాతపూర్వకముగా సంతకముతో బదిలీ కావలెను. ఆ పత్రములో కాలపరిమితి వ్రాయనిచో అయిదేండ్లనియు, ప్రాంతము వ్రాయనిచో భారతదేశము మాత్రమే యనియు చట్టము భావించును. నేను నా లోగో విషయమున ఈ పత్రము వ్రాయించుకొనలేదని ఇటీవలనే గ్రహించితిని! డొమైను పేరు సంగతియు ఇట్టిదే. దానిని డిజైనరు తన పేరిట కొనక దుకాణదారుని పేరిట, అతని ఈమెయిలుతోనే నమోదు చేయవలెను. డిజైనరు ఊరు మారిన తరువాత గడువు తీరి పేరు పోగొట్టుకొన్న వ్యాపారులు కలరు.

బాకీ రానిచో ఏమి చేయవలెను? 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము ఇంటినుండి పనిచేయు ఒంటరి డిజైనరునకు కూడ వర్తించును. 2020 జూలై 1 నుండి అమలులోనున్న ఉద్యం నమోదు ఉచితము. ఆధారు, పాను ఉన్నచో ఇంటనుండియే చేసికొనవచ్చును. దానికి డబ్బు అడుగు దళారులను నమ్మకుడు. నమోదైనవానికి కొనుగోలుదారు ఒప్పుకొన్న గడువులోపల చెల్లించవలెను. ఆ గడువు 45 దినములను మించరాదు. ఒప్పందము లేనిచో 15 దినములే. మించినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. అంతియేగాక, 2024–25 అసెస్‌మెంటు సంవత్సరమునుండి అట్లు ఆపిన సొమ్మును వ్యాపారి ఆ యేటి ఖర్చుగా ఆదాయపు పన్ను లెక్కలో చూపుటకు వీలులేదు, చెల్లించిన యేటనే చూపవలెను. మన వ్యాపారులకు ఈ చివరి మాట తక్కినవానికంటె త్వరగా అర్థమగునని నా నమ్మకము. ఇక కోర్టునకు పోవలసివచ్చినచో సాధారణముగా మూడేండ్ల గడువున్నది. మొగమాటముతో దానిని దాటనీయకుడు.

జి.ఎస్.టి. పేరు విని భయపడుచున్న పిల్లలు కలరు. సేవల ద్వారా ఏటికి మొత్తము రాబడి 20 లక్షలు దాటనంతవరకు నమోదు తప్పనిసరి కాదు; జహీరాబాదు, హైదరాబాదుల వారికి చేసిన పనికి కూడ అదే పరిమితి. అయినను ప్రతి పనికి వరుస సంఖ్యతో బిల్లు ఇయ్యవలెను. చిట్టా లేని విద్య చిల్లుకుండ వంటిది.

మోసముల విషయము క్లుప్తముగా చెప్పుదును. ‘పొరపాటున ఎక్కువ పంపితిమి, మిగిలినది తిరిగి పంపుడు’ అను క్రొత్త కక్షిదారుని నమ్మకుడు. సొమ్ము పొందుటకు యు.పి.ఐ. పిన్ను ఎన్నడును అవసరము లేదు. మోసపోయినచో తత్‌క్షణమే 1930 నంబరునకు ఫోను చేయవలెను.

ఇక మన ఊరి డిజైనరునకు హైదరాబాదువానికి లేని ఒక లాభమున్నది. 1956లో బీదరు జిల్లా మూడు ముక్కలైనది. జహీరాబాదు, నారాయణఖేడు ఆంధ్రప్రదేశమునకు, ఉద్గీరు బొంబాయి రాష్ట్రమునకు, మనము మైసూరునకు. మన పిల్లలు నాలుగు భాషల నడుమ పెరిగినారు. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ చదువగల డిజైనరు ఎన్ని ఊళ్లలో దొరకును? ఈ గుణమును వెల కట్టి అడుగుడు. కర్ణాటకములో 2024 నాటి చట్టసవరణ ప్రకారము దుకాణపు నామఫలకములో 60 శాతము కన్నడముండవలెను, అదియు పై భాగమున. తరతరములుగా ఈ నేల ఉప్పు తిన్న మనకు ఇది కష్టము కాదు. తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపినుండి పుట్టినవే. రెంటిని ప్రక్కప్రక్కన అందముగా కూర్చుట మనవారికి చేతనగును.

అయితే అక్షరముల విషయమున అశ్రద్ధ కనబడుచున్నది. అచ్చు పనికి అలవాటైన అను ఫాంట్లతో కూర్చిన మాటలను అట్లే వెబ్‌సైటులో పెట్టినచో చదువువానికి పిచ్చిగీతలు కనబడును, వెదకువానికి దొరకవు. వెబ్‌సైటునకు యూనికోడే వాడవలెను. సిలికానాంధ్ర వారు సిద్ధపరచిన మండలి, సూరన్న, రామభద్ర, ఎన్టీఆర్ మున్నగు ఫాంట్లు గూగుల్ ఫాంట్లలో ఉచితముగా లభించును, వ్యాపారమునకును వాడుకొనవచ్చును. అడోబీ సాఫ్టువేరులో ఒత్తులు విడిపోవుచున్నచో వరల్డ్ రెడీ కంపోజరు ఎంచుకొనుడు. అచ్చునకు పంపుటకు ముందు ఇంటిలో పెద్దవారెవరిచేనైనను చదివించుడు. మొన్న నాకు వచ్చిన ఒక పెండ్లి పత్రికలో వధువు పేరు క్రింది ఒత్తు ఎగిరిపోయి ఆమె పేరే మారిపోయినది. తప్పు అచ్చువారిదని వారును, డిజైనరుదని వీరును అనుచున్నారు, పెండ్లి మాత్రము జరిగిపోయినది.

పైన చెప్పిన ఒప్పందపు కాగితము నమూనాను, హక్కుల బదిలీ పత్రపు నమూనాను తెలుగున, కన్నడమున వ్రాయించి సంఘ కార్యాలయములో ఉంచుచున్నాము. ఆదివారము ఉదయము వచ్చి తీసికొనవచ్చును. నా దుకాణపు బోర్డు ఇంకను పాత పద్ధతిలోనే యున్నది. దానిని మార్చు పని ఆ యువకునికే అప్పగించినాను. సగము బయానా ఇచ్చి రసీదు తీసికొన్నాను. ఒక్కసారియే మార్పు అడుగుదునని కాగితములో వ్రాసినాడు, సంతకము చేసితిని.