బెట్టింగ్ మానలేకపోతున్నారా? ఫోన్‌లోనే సాయం ఉంది

పోయిన డబ్బు ఒక్క మ్యాచ్‌తో తిరిగొస్తుందని మళ్లీ బెట్ వేస్తున్నారా? అయితే ఇది మీకోసమే.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. చట్టం యాప్‌ను ఆపగలదేమో కానీ, ఆడాలన్న తపనను ఆపలేదు. జూదం వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జబ్బుగానే గుర్తించింది. దీనికి కావాల్సింది తిట్లు కాదు, చికిత్స.

సీబీటీ అంటే ఏంటి?
ఆలోచననూ అలవాటునూ మార్చే మాటల చికిత్స. 'ఐదుసార్లు పోయింది, ఆరోసారి గెలుపు ఖాయం' అన్న లెక్క తప్పని గుర్తించడం, ఏ వేళలో, ఏ మూడ్‌లో బెట్ వేస్తున్నారో రాసుకోవడం ఇందులో భాగం. స్వీడన్‌లో దీన్ని 8 వారాల ఆన్‌లైన్ పాఠాలుగా, ఫోన్ కౌన్సెలింగ్‌తో కలిపి ఇచ్చారు. జూదం సమస్యలు తగ్గాయని 2008లో వచ్చిన అధ్యయనం చెప్పింది.

వరంగల్‌లో ఎక్కడ?
ముందుగా టెలీ మానస్ నంబర్ 14416కు కాల్ చేయండి. ఇది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇది పూర్తి సీబీటీ కోర్సు కాదు, కౌన్సెలింగ్ ఇచ్చి, అవసరమైతే డాక్టర్ దగ్గరికి పంపుతారు. నేరుగా వెళ్లాలంటే ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

నలుగురికీ తెలుస్తుందా?
చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

ఈ రోజే ఏం చేయాలి?
పాత అప్పు తీర్చేందుకు కొత్త లోన్ యాప్ జోలికి వెళ్లొద్దు. యూపీఐ లిమిట్ తగ్గించుకోండి. నమ్మకమైన ఒక్కరికి అసలు అప్పెంతో చెప్పండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకండి, వెంటనే 14416కు కాల్ చేయండి. అప్పు ఎంతైనా ప్రాణం కన్నా పెద్దది కాదు.